రంద గీత

గీతలు పడ్డ చెక్కను చూస్తే నా చేతులు ఊరుకోవు. ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు, పెరిగిన చోటు అంటించింది. నేను బొగ్గుబావుల దగ్గర క్వార్టర్లలో పెరిగాను. అక్కడ పొద్దున దండెం మీద ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేది. అందుకని మా లైనులో అందరూ ఏడాదికొకసారి, దసరాకు ముందు, తలుపులూ కిటికీలూ గీకి, గరుకు కాగితంతో రుద్ది, కొత్త రంగు వేసేవాళ్ళు. మా నాన్న షిఫ్టు దిగి వచ్చి, బువ్వ తిని, ఆ పనిలోనే కూర్చునేవాడు. తలుపు మీద పాత మరక ఒక్కటి మిగిలినా మా అమ్మకు నామోషీ. శుభ్రమంటే పాతది పోవడమే అని మా ఇంట్లో లెక్క. ఆ లెక్కే పట్టుకుని ఇరవై మూడేళ్ళకు గోదావరి ఒడ్డుకు వచ్చిపడ్డాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. భద్రాచలంలో ఒక చిన్న దవాఖానలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం దొరికింది. ఒంటరి ఆడపిల్లకు కిరాయికి గది ఎవరిస్తారు? నాలుగు ఇళ్ళవాళ్ళు పెళ్ళయిందా అని అడిగి తలుపేసుకున్నారు. ఐదో ఇంటి అరుగు మీద ఒక ముసలామె చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది. నా సంచీ వైపు కాకుండా నా మొహం వైపు చూసింది. "అన్నం తిన్నవా బిడ్డా?" అంది. తినలేదన్నాను. లోపలికి పోయి కంచంలో అన్నం, గోంగూర పులుసు పెట్టుకొచ్చింది. గది సంగతి తిన్నాకే మాట్లాడుకున్నాం. ఆమెను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ కంచం తలుచుకుంటే ముందు కడుపు, తర్వాత కళ్ళు నిండుతాయి.

ఆ ఇల్లు గూనపెంకుల ఇల్లు. మూరెడు మందం మట్టిగోడలు, తల వంచుకుని వెళ్ళాల్సిన వసారా, నడింట్లో వెదురు అటక. గోదావరికి దగ్గరగా దిగే గల్లీలో, మెట్ల మీద కట్టినది. పెద్దమ్మ మామగారు కట్టించారట. అప్పట్లో ఎగువ అడవి నుంచి టేకు దుంగల్నీ వెదుర్నీ తెప్పలుగా కట్టి గోదాట్లో వదిలేవాళ్ళని, అలా దుమ్ముగూడెం పైనుంచి కొట్టుకొచ్చిన దుంగే మా వాకిలి గుమ్మం, అంటే దర్వాజ అయిందని ఆమె చెప్పేది. "రోడ్డు మీద రాలే బిడ్డా, నీళ్ళ మీద నడిచొచ్చింది," అనేది దర్వాజను చేత్తో తట్టి, ఇంటికి వచ్చిన కోడలి గురించి చెప్పినట్టు.

పెద్దమ్మ భర్త నేను వచ్చేనాటికే పోయి చాలా ఏళ్ళయింది. ఆయన నావలు చేసే వడ్రంగి. గోదావరి మీద వంతెన రాక ముందు రేవుకు ఆయన చేతి నావలే ఎక్కువట. వంతెన వచ్చాక నావల పని పలచబడింది. అప్పుడు ధాన్యం పెట్టెలూ ఉయ్యాలలూ దర్వాజలూ చేశాడు. ఆయన ఉలీ సుత్తీ ఉన్న పెట్టె పెద్దమ్మ మంచం కింద ఉండేది. ప్రతి శుక్రవారం బయటికి లాగి తుడిచి మళ్ళీ తోసేది.

ఎదురింట్లో బుట్టలల్లే మేదరి తాత. ఆయన కత్తి వెదురు కణుపును తాకిన చప్పుడుతోనే మాకు తెల్లారేది. నిలువునా చీల్చిన బద్దను కాలి బొటనవేలితో తొక్కిపట్టి ఈనెలు తీస్తుంటే, మనిషి కళ్ళు మాత్రం గల్లీలో ఎవరు పోతున్నారా అని చూస్తుండేవి. చూపు ఒకచోట, చేయి ఒకచోట ఉన్నా చాట అంచు వంకర పోయేది కాదు. నన్ను చూస్తే చాలు ఆయనకు హుషారు. "ఏంది డాక్టరమ్మా, ఇయ్యాల ఎంతమంది నెత్తురు తాగినవ్?" అనేవాడు. నేనూ తక్కువదాన్ని కాదు, నీదొక్కటే మిగిలింది తాతా అనేదాన్ని.

ఇంత బాగున్న ఇంట్లో నా కళ్ళకు నచ్చని సంగతి ఒక్కటే, ఆ దర్వాజ. కుడి నిలువు చెక్క మీద మోకాలి పై నుంచి రొమ్ము ఎత్తు దాకా అడ్డంగా గాట్లు. వాటి పక్కన ఏవో వంకర టింకర గీతలు. ఏళ్ళ తరబడి రాసిన పసుపు, ఆముదం, పొగమసి కలిసి వాటి మీద నల్లటి పొర కట్టింది. వస్తూ పోతూ నా చేయి దాని మీదికే పోయేది. గోరుతో గీకితే మసి గోట్లోకి వచ్చేది. ఇల్లంతా అద్దంలా పెట్టుకునే మనిషి, వాకిట్లోకి రాగానే కనబడే చెక్కను ఇలా ఎలా వదిలేసిందా అని నాకు ఒకటే దురద.

ఆ ఎండాకాలంలో పెద్దమ్మ దుమ్ముగూడెంలో చెల్లెలి మనవరాలి పెళ్ళికి వారం రోజులు వెళ్ళింది. తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఇల్లు నీదే, జాగర్త," అంది. అంత మాట అన్న మనిషికి తిరిగొచ్చేసరికి ఏదైనా చేసి చూపాలనిపించింది. సరిగ్గా అప్పుడే మా లైనులోని వడ్రంగి అన్న గుడికని వచ్చి, అమ్మ పంపిన పచ్చడి సీసా ఇవ్వడానికి ఇంటికి వచ్చాడు. సంచీలో రంద కూడా ఉంది. చెక్కను నున్నగా చిత్రిక పట్టే ఆ రందను చూడగానే నాకు ఆగలేదు.

అన్న దర్వాజ ముందు కూర్చుని చాలాసేపు చూశాడు. "చెల్లే, ఇవి ఎవరో కావాలని గీసినట్టున్నయ్. ఉలితోని గీసినయ్," అన్నాడు.

"ఎవరో పోరగాండ్లు గీకిన్రు. తీసెయ్ అన్నా, ఆమె వచ్చేసరికి మెరవాలె," అన్నాను.

మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. ఇంకేం చేస్తాడు, రంద పట్టాడు. నల్లపొర కింద నుంచి బంగారు రంగు టేకు బయటపడుతుంటే నా ఆనందం చెప్పనలవి కాదు. రెండో పూటకు చెక్క చెంపలా నునుపు తేలింది. పొట్టంతా ఊడ్చి వాకిట్లో ఒక మూలకు నెట్టాను. గాలికి సగం గల్లీలోకి దొర్లింది. నేను పట్టించుకోలేదు.

పెద్దమ్మ మధ్యాహ్నం బస్సుకు దిగింది. మెట్లెక్కి, అలవాటుగా కుడిచేత్తో దర్వాజ పట్టుకుంది. చేయి అక్కడే ఆగిపోయింది. వేళ్ళు మెల్లగా కిందికి దిగాయి, మళ్ళీ పైకి ఎక్కాయి, దేనికోసమో వెతికాయి. నేను మెచ్చుకోలు కోసం పళ్ళికిలిస్తూ నిలబడ్డాను.

"మంచిగ నున్నగ చేసినవ్ బిడ్డా," అంది. లోపలికి పోయి పడుకుంది. ఆ పూట అన్నం వండలేదు.

తెల్లారి నేనే అడిగాను. అడగకుండా ఉంటే బాగుండు అనుకున్నాను గానీ, ఆమె మొహం చూసి ఉండలేకపోయాను. అరుగు మీద కూర్చోబెట్టి మెల్లగా చెప్పింది. అవి గోదావరి గీతలు. వరద ఎంతవరకు వస్తే అంతవరకు, నీళ్ళు తీసిన రోజే, ఆమె భర్త తడి ఆరకముందే గీత కొట్టేవాడు. పక్కనే ఆ ఏడాది గుర్తు చెక్కేవాడు. పెళ్ళైన ఏడు పసుపుకొమ్ము, పెద్దకొడుకు పుట్టిన ఏడు ఉయ్యాల, దూడను అటకెక్కించి బతికించిన ఏడు దూడ, రేవులో నావ కొట్టుకుపోయిన ఏడు నావ. ఇంకో రెండు. మొత్తం ఆరు గీతలు.

అవి ఆ ఇంటికి మాత్రమే కాదు. గోదావరి పెరుగుతుందని మైకు ఆటో తిరగగానే గల్లీలో ప్రతి ఇంటివాళ్ళూ ఒక వెదురు కర్ర పట్టుకుని మా వాకిటికి వచ్చేవాళ్ళట. మైకులో చెప్పిన అడుగులు విని, ఈసారి ఏ గీత దాకా వస్తుందో పెద్దమ్మ చెప్పేది. వాళ్ళు కర్రను మా గడప మీద నిలబెట్టి, ఆ గీత ఎత్తున దారం కట్టుకుని ఇంటికి తీసుకుపోయేవాళ్ళు. మా గడపకూ వాళ్ళ గడపకూ తేడా ఎన్ని బెత్తెలో ఎవరిది వాళ్ళకు తెలుసు. దారానికి పైన ఏం పెడితే అది దక్కుతుంది. ఆ గల్లీలో అటకలూ గూళ్ళూ ఆ లెక్కన కట్టినవే.

కాళ్ళు పట్టుకోబోతే చేయి పట్టుకుని లేపింది. "తెల్వక చేసినవ్. ఒక్కటే మాట. ఈ సంగతి గల్లీల ఎవ్వరికి చెప్పకు. కిరాయికొచ్చిన పిల్ల గిట్ల చేసిందంటే నిన్ను బతకనియ్యరు," అంది. వారం తర్వాత మేదరి తాత దగ్గర ఒక సన్నటి వెదురు తడక అల్లించి ఆ చెక్క మీదుగా వేలాడదీసింది. అడిగినవాళ్ళకు, "ఎండకు చెక్క పగులుతుంది," అని చెప్పింది.

శ్రావణంలో వానలు పట్టుకున్నాయి. ఒకరోజు మధ్యాహ్నం మైకు ఆటో వచ్చింది. నేను దవాఖాన నుంచి పరుగెత్తుకు వచ్చేసరికి మా వాకిట్లో పదీ పన్నెండు మంది, చేతుల్లో వెదురు కర్రలు. కర్రల చివర్లు వానకు తడిసి మెరుస్తున్నాయి. ఎవరూ తోసుకోవడం లేదు, రేషను లైనులో నిలబడ్డట్టు నిమ్మళంగా ఉన్నారు.

"పెద్దమ్మా, ఈసారి ఏ గీత?" అన్నారు ఎవరో.

ఆమె తడక వెనక్కి చేయి పోనిచ్చింది. నేను ఆ చేయినే చూస్తున్నాను. ఖాళీ చెక్క మీద అది పైకీ కిందికీ తిరిగింది. కాసేపటికి బయటికి తీసి కొంగుకు తుడుచుకుంది.

"నాకు అంతుబడ్తలేదు. కండ్లు మసకైనయ్, గుర్తులు కలిసిపోతున్నయ్. కర్రలు పక్కకు పెట్టుండ్రి. అన్నీ మోసుకొని బడి దగ్గరికి ఎక్కుండ్రి, జల్దీ," అంది.

వాళ్ళు కర్రలు మా గోడకు ఆనించారు. నేను నోరు తెరవాలి. తెరవలేదు. ఆమె నా వైపు చూసి వద్దన్నట్టు తలాడించింది, నిజమే. కానీ ఆమె వద్దనడం వల్ల కాదు నేను ఆగింది, భయం వల్ల. అది ఇప్పుడు రాసుకోవడానికే ఇంత కష్టంగా ఉంది.

ఆ సాయంత్రమంతా గల్లీ మొత్తం ఎత్తు మీది బడికి మోత. అటక మీద పెడితే సరిపోయే ధాన్యపు మూటలు, పెట్టెలు, మంచాలు, కుట్టుమిషను, అన్నీ వానలో నెత్తి మీద. పాపం కడుక్కోవాలని నేను అందరికంటే ఎక్కువ మోశాను. మేదరి తాత ఒక పెళ్ళివారి కోసం అల్లి పెట్టిన గంపలు దొంతరగా మోస్తుంటే వాన ఇంకా పెరిగింది. తడిసిన వెదురు బడి వరండాలో గాలి ఆడక బూజు పట్టి నల్లబడింది. తాత వారాల పని. ఆయన ఒక్కొక్క గంపనూ తిప్పి చూసి పక్కన పెట్టాడు.

గోదావరి ఆ ఏడాది మా గడప దాటి మోకాలి ఎత్తుకు వచ్చి, అక్కడే ఆగి, రెండు రోజులకు వెనక్కి తీసింది. అన్నిటికంటే కిందున్న దూడ గీతను కూడా అందుకోలేదు. అటకలు చాలేవి. అంత మోత, అంత నష్టం, ఏదీ అక్కరలేకపోయింది.

తిరిగి వచ్చి బురద ఎత్తిపోసుకుంటుంటే అందరూ మా అరుగు మీద టీకి చేరారు. గల్లీ చివరింటి ఆయన, ఆ పెద్దమనిషి చెడ్డవాడేమీ కాదు, "పెద్దమ్మకు వయసైంది పాపం. ఇప్పటి సంది ఈమెను అడుగుడు బంద్ చేద్దాం. మైకు ఏం చెప్తే అదే చేద్దాం," అన్నాడు. కొందరు అవ్ అవ్ అన్నారు.

పెద్దమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. యాభై ఏళ్ళుగా ఆ గల్లీ గోదావరి మాట వినడానికి ముందు ఆమె మాట వినేది. ఆ పెద్దరికం నా కళ్ళ ముందే, నా మూలంగా, ఒక్క మాటతో ఆమె చేతుల్లోంచి పోతోంది. అప్పుడు లేచాను.

"పెద్దమ్మ కండ్లు మంచిగనే ఉన్నయ్. గీతలు లేవు. నేనే రంద పట్టించిన," అని తడక పక్కకు లాగాను. మాట సగంలోనే ఏడుపు వచ్చేసింది.

ఒక్కరూ ఉలిక్కిపడలేదు. అది నాకు అర్థం కాలేదు. మేదరి తాత గ్లాసులో మిగిలిన టీ తాగి, మూతి తుడుచుకుని అన్నాడు:

"మాకు తెల్వదా డాక్టరమ్మా? రంద పొట్టు మా వాకిట్లకే దొర్లింది. మా ముసల్ది రెండు రోజులు దాంతోనే పొయ్యి అంటించింది. అయినా దర్వాజ చెక్క వెడల్పుకు కొలిచి ఎవరన్నా తడక అల్లించుకుంటరా? ఆమె చెప్పకూడదనుకున్నది. మేం అడగకూడదనుకున్నం."

గల్లీ చివరింటి ఆయన తల దించుకున్నాడు. ఆయన ఒక్కడికే ఈ సంగతి తెలియదు. ఆ వేసవంతా ఆయన కొత్తగూడెంలో కూతురి దగ్గర ఉన్నాడు. మిగతా వాళ్ళంతా, అన్నీ తెలిసీ, ఆ రోజు కర్రలు పట్టుకుని మా వాకిట్లో నిలబడ్డారు. ఆమె చేయి మరిచిపోయి ఉండదని నమ్మి వచ్చారు. ఆమె తెలియదనగానే ఎందుకని అడగకుండా వానలో మోశారు. తాత గంపలు కుళ్ళినా నా వైపు వేలు చూపలేదు. అంతమంది మంచితనం ఒక్కసారిగా నా మీద పడింది.

పెద్దమ్మ మాత్రం నవ్వింది. "ఇంతమంది దొంగలతోనా నేను కాపురం చేస్తున్నది!" అంది. లోపలికి పోయి మంచం కింది పెట్టె లాక్కొచ్చింది.

అప్పుడు ఆ వాకిట్లో జరిగినదాన్ని నేను చచ్చేదాకా మరవను. "పెండ్లైన యేడు నీళ్ళు నా నడుము కాడికి," అని పెద్దమ్మ దర్వాజకు ఆనుకుని నిలబడింది. బలపంతో గుర్తు పెట్టాను. ఉయ్యాల ఏడు తన రొమ్ముకు తగిలాయని తాత నిలబడ్డాడు. అప్పటికీ ఇప్పటికీ నడుము ఎంత వంగిందో లెక్కేసి రెండు వేళ్ళు పైకి జరిపాడు. నావ గీత కోసం ఇద్దరూ కొట్లాడుకున్నారు. దూడ గీత గోడలోని గూటిని బట్టి దొరికింది. మిగిలిన రెండూ ఎవరికీ గుర్తు రాలేదు. ఆయన స్వయంగా చెక్కిన బొమ్మలైతే ఒక్కటీ తిరిగి రాలేదు. ఆ సంగతి ఎంత సర్దుకున్నా సర్దుకోదు.

చివరికి పెద్దమ్మ ఉలి నా చేతిలో పెట్టింది. నున్నటి చెక్క మీద మోకాలి ఎత్తున ఈసారి బురద చార ఇంకా పచ్చిగానే ఉంది. "గీయి," అంది. గీశాను. వంకర వచ్చింది.

"పక్కన గుర్తు?" అన్నాను.

"ఏముంది, రంద చెక్కు. ఈ యేడు మా ఇంటికి వచ్చింది అదే గదా," అంది. గల్లీ అంతా పగలబడి నవ్వింది. నేనూ ఏడుస్తూనే నవ్వాను. నా చేతి రంద బొమ్మ కప్పలా వచ్చిందని తాత చాలాకాలం ఆటపట్టించాడు.

తర్వాత నాకు ఖమ్మంలో ఉద్యోగం వచ్చింది. వెళ్ళిన రెండు మూడేళ్ళకు గోదావరి పెద్దగా పొంగింది. టీవీలో చూశాను. తాత మనవడి సెల్‌ఫోనుకు ఎన్నోసార్లు చేస్తే మధ్యాహ్నానికి కలిసింది. వెనక బడి వరండాలోని గోల, దాని మీదుగా పెద్దమ్మ గొంతు.

"అందరం ఎక్కినం బిడ్డా. తాత గంపలు కూడా ఎక్కినయ్, పొడిగనే ఉన్నయ్. పొద్దుగాల నీళ్ళు రంద గీత కాడికి వచ్చి ఆగుతయేమో అని చూసిన. ఆగలే, దాటినయ్. పోయినసారి అక్కడ ఆగిన గోదారి ఈసారి ఆగలేదంటే ఇగ ఉండొద్దని కర్రలు కూడా పట్టనియ్యలే, అందర్ని లేపిన. ఇప్పుడు ఇల్లు నీళ్ళలనే ఉన్నది. పోతే పోనీ."

"ఎవరైనా నమ్మకుండా ఆగిండ్రా పెద్దమ్మా?" అన్నాను.

"రంద గీత మునిగింది అని చెప్పిన. ఇంక ఒక్కడు మాట్లాడలే," అంది.